ఐదు పుస్తకాలు, ఒక శుక్రవారం

మొన్న ఒక పత్రికవాళ్ళు ఎవరిదో పరిశోధనా వ్యాసం పంపి, అచ్చుకు పనికొస్తుందో లేదో చెప్పమన్నారు. వ్యాసం పక్కన పెట్టి, నేను నేరుగా చివర్లో ఉన్న ఆధారాల జాబితాకు పోయాను. ఈ అలవాటు తొంభైల చివర్లో మా యూనివర్సిటీ లైబ్రేరియన్ మాస్టారు చేసింది.

అప్పుడు నేను అరకు కొండల్లో చోళ్ళ సేద్యం, అంటే రాగుల సేద్యం మీద పిహెచ్.డి. చేస్తున్నాను. అక్కడి ఆడవాళ్ళు విత్తనం ముట్టరని ఒక అధ్యాయమంతా రాసిపారేశాను. ఊరికే రాయలేదు లెండి, ఐదు పుస్తకాలు ఆ మాటే చెప్పాయి, ఐదూ గట్టి అట్టలవే. అది రాయకముందే, కోతలయ్యాక వెళ్ళి కొండమీద ఒక మామ్మ ఇంట్లో ఉన్నాను. ఆవిడ అటక కింద విత్తనం నింపిన ఎండు సొరబుర్రలు వరసగా వేలాడుతుండేవి. బూడిద కలిపి దాచేది ఆవిడే. నా తెలివి చూడండి, మగదిక్కు లేని ఇల్లు కదా, పాపం తప్పక ముట్టుకుంటోంది అనుకున్నాను.

మాస్టారు నా అధ్యాయం చదివి, "ఐదుగురు చెప్పారు సరే, చూసిందెంతమందమ్మా?" అన్నారు. ఆ వేసవంతా నన్ను కార్డుల సొరుగుల ముందు నిలబెట్టారు. పేజీ అడుగున ఉన్న చిన్నక్షరాలు పట్టుకుని ఒక పుస్తకం నుంచి ఇంకోదానికి, అక్కణ్ణుంచి మరోదానికి. దుమ్ముకి తుమ్ములు తప్ప ఏమీ దొరకడం లేదని లోపల తిట్టుకునేదాన్ని. చివరికి ఐదూ ఒకే పాత రిపోర్టు దగ్గర తేలాయి. ఎవరో దొర ఒక శుక్రవారం పొద్దున కొండెక్కి, మగవాళ్ళతో మాట్లాడి, సాయంత్రానికి దిగిపోయి రాసింది అది.

ఆ కాపీ పట్టుకెళ్ళి మామ్మకు చదివి వినిపించాను. ఆవిడ చోళ్ళు చెరగడం ఆపి నవ్వింది. "సుక్రారం సంత కదే గుంటా. ఆడోళ్ళమంతా తెల్లారే సంతకెళ్ళిపోతాం. ఊళ్ళో ఎవులుంటారు, మొగోళ్ళు తప్ప?" మళ్ళీ చేట అందుకుంటూ, "మరి నువ్వేటి రాసినావు?" అంది.

 థీసిస్ ఇవ్వడానికి నెల గడువుంది, ఫెలోషిప్ అయిపోవచ్చింది, మా గైడు గారికి ఆ అధ్యాయం నచ్చింది కూడా. అలాగే ఇచ్చేస్తే అడిగే నాథుడు లేడు. ఆరో పుస్తకం నాదయ్యేది. కానీ ఆవిడ పెట్టిన అంబలి తాగి, ఆవిడ చేతుల్ని కళ్ళారా చూసి, ఆ చేతులు లేనట్టే రాశాను. సిగ్గుతో చచ్చిపోయాను. తలొంచుకుని ఉన్నదున్నట్టు చెప్పాను.

మామ్మ కోప్పడలేదు. నా తల నిమిరి, "నువ్వూ కోతలయ్యాకే వచ్చినావు. ఇత్తులు జల్లినప్పుడు సూడనేదు కదా. ఉండిపో. సూసి రాయి" అంది.

ఉండిపోయాను. గడువు దాటిపోయింది, ఫెలోషిప్ ఆగిపోయింది, ఇంట్లో చీవాట్లు తిన్నాను. వానలు పడ్డాక ఏ పొలం చెక్కకు ఏ బుర్రలో విత్తనం పోవాలో ఆ ఊరి ఆడవాళ్ళు కూర్చుని తేల్చడం చూశాను. అధ్యాయం మొత్తం చింపి మళ్ళీ రాశాను. తోటివాళ్ళంతా నాకంటే ఏడాది ముందే డాక్టర్లయిపోయారు. ఏడాది పోయిందే అని అప్పట్లో కుమిలిపోయాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, నా చదువు మొత్తంలో ఇది నాది అని చెప్పుకోగలిగింది ఆ ఏడాదొక్కటే.