కెమెరాకు దొరకనివాడు

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు. నిఘా అంటే అదేదో పెద్ద నగరాల జబ్బనుకునేవాణ్ణి. మార్కాపురం అవతల ఒక మండల ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటరుగా చేరి, పని లేని మధ్యాహ్నాలు నవల రాస్తుండేవాణ్ణి. అందులో హీరో ప్రభుత్వ రహస్యాలు బయటపెట్టి అందరినీ గడగడలాడిస్తాడు. (రాసేది మాత్రం ప్రభుత్వ కాగితం మీదే.) దానికి ఏకైక శ్రోత మా అటెండరక్క. బల్లలు తుడుస్తూ వినేది. "ఆ పిల్లోడు దొరికిపోతే ఎట్లబ్బాయ్?" అని నిజంగానే దిగులుపడేది. "దొరకడక్కా, తెలివైనోడు" అనేవాణ్ణి, నా గురించే చెప్పుకుంటున్నట్టు.

ఒకరోజు పైనుంచి నా కంప్యూటర్‌లోకి ఒక జాబితా వచ్చింది. రేషన్ కార్డులు తీసేయాల్సినవాళ్ల పేర్లు. మూడు నెలలుగా వాళ్ల ఫోన్లు వేరే జిల్లా టవర్ల కింద ఉన్నాయట, కాబట్టి స్థానికులు కారట. మిరపకోతలకు గుంటూరు వైపు పోయిన కూలీలు వాళ్లంతా! పైన 'రహస్యం' అని ఎర్రక్షరాలు. నా రక్తం పొంగింది. గబగబా ఫొటో తీసి, ఒక స్నేహితుడి ద్వారా ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లోకి వదిలాను. మర్నాడు ఆఫీసు ముందు జనమే జనం. జాబితా ఆగిపోయింది. ఇంటికెళ్లి అద్దంలో నన్ను నేను చాలాసేపు చూసుకున్నాను.

ఆఫీసరు సీసీ కెమెరా రికార్డింగు తెప్పించాడు. నా కుర్చీ అందులో పడదు. (నవల రాస్తూ దొరక్కుండా దాని మూతిని అంతకుముందే పక్కకు తిప్పింది నేనే.) పడింది అక్క ఒక్కతే, నా కంప్యూటర్ బల్ల అంచు దగ్గర, చేతిలో ఫోనుతో.

"ఏందమ్మా, ఫోను పట్టుకొని కంప్యూటర్ దగ్గర ఏం చేసినావు?"

"మా పాప ఫోన్ చేసింది సార్. మాట్లాడినా, అంతే."

ఎవరూ నమ్మలేదు. అక్క ఒక్కసారి నా వైపు చూసింది. నేను చాలా శ్రద్ధగా ప్రింటర్‌లో కాగితాలు సర్దుతున్నాను. (అది అప్పటికే నిండి ఉంది.) ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు.

కొన్నేళ్లకు గిద్దలూరు బస్టాండులో కనిపించింది. "బాగుండావా అబ్బాయ్?" అని తనే పలకరించింది. "అక్కా, ఆ రోజు..." అని మొదలుపెట్టాను.

"తెలుసులే. నిండిన ప్రింటర్‌లో నువ్వు కాగితాలు సర్దుతుంటే అప్పుడే చూసినా. నువ్వు సార్‌కు చెప్తావేమో, మళ్లీ పిలుస్తారేమోనని వారం రోజులు ఫోను దగ్గరే పెట్టుకోని కూచున్నా."

నిష్ఠూరంగా కూడా అనలేదు. బస్సొస్తే ఎక్కి పోయింది.

ఇప్పుడు ఆ ఇరవై మూడేళ్ల వీరుడు గుర్తొస్తే నవ్వొస్తుంది. నిజానికి కోపం రావాలి. కానీ వాడి మీద కోప్పడితే, 'మరి నువ్వు ఇప్పుడైనా చెప్పేవాడివా?' అని వాడు అడుగుతాడేమోనని భయం. అందుకే నవ్వి ఊరుకుంటాను.