కొంగున వాము

ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్తలో, ఆళ్లగడ్డ నుంచి నంద్యాల పోయే బస్సులో, నా ఎదుటి సీట్లో ముప్పై ఏళ్ల మనిషొకాయన కుడి డొక్క పట్టుకుని వంగి కూర్చున్నాడు. బస్సు గుంతలో పడినప్పుడల్లా పళ్లు బిగించేవాడు. చూస్తూ ఊరుకునే మనిషిని కాను నేను. కొంగుముడి విప్పి ఇంత వాము ఆయన చేతిలో పోశాను.

"నమిలి మింగప్పా, నొప్పి ఇట్టే పోతాది."

ఆయన గుప్పిట మూశాడు గానీ నోట్లో వేసుకోలేదు. నాకు ఒళ్లు మండింది.

"ఏందీ, విషమేమన్నా ఇచ్చినానా?"

"కాదక్కా," అని నవ్వాడాయన. "నాకు ల్యుకేమియా అని రక్తం జబ్బు ముందే ఉండాది. ఇప్పుడు దానికి తోడు అపెండిసైటిస్ వచ్చింది. ఆ జబ్బులో ఇది రావడం శానా అరుదంట. ఆపరేషన్ అయ్యేదాంక ఏమీ మింగొద్దని డాక్టరు చెప్పినాడు."

వాము తిరిగి ఇచ్చెయ్యమని చెయ్యి చాచాను. ఆయన ఇవ్వలేదు.

నంద్యాలలో ఆసుపత్రి ముందు బస్సు ఆపి, ఇద్దరు పట్టుకుని దించుతుంటే, ఆ గుప్పిట పైకెత్తి నాకు చూపించాడు.

"బాగైనాంక తింటాలే అక్కా!"

ఇప్పటికీ కొంగున వాము ముడివేసుకోకుండా నేను నంద్యాల బస్సెక్కను. ఎవరికి కడుపు నొచ్చినా, డాక్టరు ఏం చెప్పాడో అడగకుండా ఆ ముడి మాత్రం విప్పను.