నోటుకెక్కే ముఖం

వీరేశానికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎదురుగా ఎవరు నిలబడినా ఆ మనిషి ముఖాన్ని కరెన్సీ నోటు మీద ఊహించుకుంటాడు. ఊహించుకుని ఊరుకుంటే లోకానికి నష్టం లేదు. పైకి చెబుతాడు.

మాదాపూర్‌లో ఒక అద్దాల భవనంలో ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఆయన అడ్మిన్ మేనేజరు. కుర్చీలు, క్యాబులు, ఏసీలు, కుళాయిలు, క్యాంటీను ఆయన రాజ్యం. మిగతావాళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చుని ఏం చేస్తారో ఆయనకు తెలియదు. వాళ్ళలో సగం మందికీ తెలియదు కాబట్టి ఎవరూ నొచ్చుకోలేదు.

తెనాలి నుంచి వచ్చి నిజాంపేట హాస్టల్లో దిగిన కెజియా, టెస్టర్‌గా చేరిన రోజున ఐడీ కార్డు కోసం ఆయన ముందు నిలబడింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆమె ముఖాన్ని ఒకసారి కుడివైపు నుంచి, ఒకసారి ఎడమవైపు నుంచి చూశాడు.

“పనికిరావు బిడ్డా.”

కెజియా చేతిలోని ఫైలు తెరిచింది. “ఆఫర్ లెటర్ ఇచ్చేశారండీ.”

“ఉద్యోగానికి కాదు. నోటు మీదికి.”

తలుపు దగ్గరి సెక్యూరిటీ గార్డు ఆమెను ఓదార్చాడు. “ఫికర్ చెయ్యకు మేడమ్. నన్ను అయిదు రూపాయలకు మించి లేవన్నడు. మీ అందరి మీదుండే డెలివరీ హెడ్ ఆరోన్ సారును రెండ్రూపాయల నోటన్నడు. అది అచ్చేసుడే బందయ్యింది.”

నోటు బొమ్మ విషయంలో వీరేశానికి గట్టి సిద్ధాంతాలున్నాయి. లిఫ్ట్‌లో ఆయనతో పాటు ఎక్కినవాడు దిగేలోపు అవన్నీ వినాల్సిందే. రాజుల బొమ్మ వద్దు, నోటు మాదేనని వారసులు కోర్టుకెక్కుతారు. కవుల బొమ్మ అసలే వద్దు. “నోటు ఎట్లుంటదో ఎరగనోళ్ళను పట్టుకొచ్చి నోటు మీద కూసోబెడితే ఎట్ల?” బతికున్నవాళ్ళ బొమ్మ వేస్తే ఉపన్యాసాలిస్తారు. ముక్కు మరీ మధ్యలో ఉండకూడదు, మడత దాని మీదే పడుతుంది.

ఇప్పుడున్న బొమ్మ మీద మాత్రం ఆయనకు ఏ ఫిర్యాదూ లేదు. “పెద్దాయన మంచిగున్నడు. బల్ల మీదికెళ్ళి ఇచ్చినా, బల్ల కిందికెళ్ళి ఇచ్చినా అదే నవ్వు. నోటు మీది మొకం ఎన్ని చూసినా ఏం ఎరగనట్టుండాలె. ఇంకోటి. జనం ఉమ్మి తడి చేసి లెక్కపెడతరు, రొంటిన దోపుకుంటరు, చెమటల నానబెడతరు. తడికి ఓర్చుకునే మొకం ఉండాలె.”

“మరి తెలంగాణ వస్తే నోటు మీద ఎవరి బొమ్మ వేయిస్తారండీ?” అని ఒకరోజు కెజియా ఆటపట్టించింది.

“గదే ఆలోచన చేస్తున్న.”

“రాష్ట్రాలు నోట్లు అచ్చు వెయ్యవు కదండీ.”

“తెలంగాణనే రాదన్నరు గద బిడ్డా. రాకుంట ఆగుతదా?” అని ఆయన ముందుకు సాగిపోయాడు. ఆమె వెనకాల ఒక కొత్త ముఖం కనిపించింది.

రెండు వేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, కరెంటు తన ఇష్టం వచ్చినప్పుడు వచ్చిపోయేది. హైటెక్ సిటీలో మాత్రం ఉద్యమం ఈమెయిళ్ళలో జరిగింది. ఒకడు ఉదయం చరిత్ర రాసి అందరికీ పంపితే, మధ్యాహ్నానికి ఇంకొకడు దాన్ని ఖండిస్తూ భూగోళం పంపేవాడు. క్యాంటీన్‌లో కిటికీ వైపు బల్లలు తెలంగాణవి అయ్యాయి, గోడ వైపువి ఆంధ్రవి. నడుమ ఉన్న సాంబారు గిన్నె దగ్గరికి రెండు పక్షాలూ ప్లేట్లు పట్టుకుని వచ్చేవి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా వెళ్ళేవి.

ఆ గొడవల్లో చిల్లర మాయమైంది. చందానగర్ నుంచి వచ్చే క్యాంటీన్ కాంట్రాక్టరు శివశంకర్ చిల్లరకు బదులు చాక్లెట్లు ఇచ్చాడు. నెల తిరక్కుండానే అందరి డెస్కుల్లోనూ చాక్లెట్లు కరిగి ఫైళ్ళకు అంటుకున్నాయి. చివరికి వాటి స్థానంలో చిల్లర చీటీలు అచ్చువేయాలని, ఆ పని వీరేశం చూడాలని ఆరోన్ నిర్ణయించాడు. ఆకలితో ఉన్నవాణ్ణి వంటింటికి కాపలా పెట్టినట్టయింది.

“చీటీ మీద బొమ్మ ఎవరిది?” అన్నాడు వీరేశం.

“బొమ్మ ఎందుకు, కంపెనీ ముద్ర చాలు” అన్నాడు ఆరోన్.

“ముద్రను ఎవడు నమ్ముతడు సార్? బొమ్మ ఉండాలె.”

ఈ మాట బయటికి పొక్కగానే క్యాంటీన్ భగ్గుమంది. కిటికీ వైపు వాళ్ళు ఒక మహావీరుడి పేరు తెచ్చారు. గోడ వైపు వాళ్ళు ఒక మహాకవిని తెచ్చారు. రూపాయి చీటీ కోసం వందేళ్ళ చరిత్ర తవ్వారు. అమెరికా క్లయింటుకు ఇవ్వాల్సిన ప్రాజెక్టు రెండు రోజులు వెనకబడింది, కారణం కింద ‘స్థానిక పరిస్థితులు’ అని రాశారు. ఓటింగ్ పెట్టడమే దారి అని వీరేశం తేల్చాడు. ఆఫీసు లోపలి వెబ్‌సైటులో ఒక పేజీ తయారైంది. దాన్ని పరీక్షించే పని కెజియాకు పడింది.

అదే వారం క్యాంటీన్‌లో ఇంకో సంగతి జరిగింది. దాని గురించి ఎవరూ ఈమెయిలు పంపలేదు. ప్లేట్లు కడిగే మిషను వచ్చింది. భవనం కట్టిన నాటి నుంచీ అక్కడ ప్లేట్లు కడుగుతున్న బుచ్చమ్మను ఒకటో తారీఖు నుంచి రావద్దన్నాడు శివశంకర్.

“ఈ వయసుల నన్ను ఇంకెవలు పెట్టుకుంటరు సారూ?” బుచ్చమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వీరేశాన్ని అడిగింది. “ఇంటి కిరాయి ఎట్ల కట్టాలె?”

పక్కనే టీ తాగుతున్న కెజియా గ్లాసు కింద పెట్టింది. వీరేశం బుచ్చమ్మ ముఖాన్ని తీక్షణంగా చూశాడు. జేబులోంచి ఫోను తీశాడు.

“బుచ్చమ్మా, జర ఎడమకు తిరుగు. ఆఁ, గట్లనే.”

ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు. కెజియా ఒళ్ళు మండి ఆయన వెంటపడింది.

“ఆవిడ అంత బాధలో ఉంటే ఫోటో ఏంటండీ మీకు?”

“మొకం మంచిగుంది బిడ్డా.”

ఆ రోజు నుంచి కెజియా ఆయనకు నమస్కారం పెట్టడం మానేసింది. ఆయన గమనించినట్టు లేదు.

శుక్రవారం సాయంత్రం ఆమె ఓటింగు పేజీని పరీక్షిస్తుంటే ఆయనే వచ్చి వెనక నిలబడ్డాడు. పేజీ ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో చూడటానికి, తనంతట తానే వేల ఓట్లు గుద్దే ప్రోగ్రాము ఒకటి నడపాలి. ఆ ఓట్లు పడటానికి ఒక ఉత్తుత్తి పేరు కావాలి.

“నా ఫోన్ల బుచ్చమ్మ ఫోటో ఉంది గద, ఆమెను పెట్టుకో” అన్నాడు.

ప్రోగ్రాము నడిచింది. బుచ్చమ్మకు ఓట్లు వానలా కురిశాయి. పేజీ తట్టుకుంది.

“ఇప్పుడు ఈ ఓట్లన్నీ తుడిచెయ్యాలండీ” అంది కెజియా ముభావంగా.

“నేను చెప్పి తుడిపిస్త. నువ్వు పో. నిజాంపేట క్యాబు ఇదే ఆఖరిది, తర్వాత నన్ను అడగొద్దు.”

బస్సుల్లేని రోజులు. కెజియా బ్యాగు తీసుకుని పరుగెత్తింది.

సోమ, మంగళవారాలు రెండు పక్షాలూ ఓట్లు గుద్దుకున్నాయి. తమ పేరు తప్ప ఇంకో పేరు ఎవరూ చూడలేదు, ఓట్ల లెక్క ఫలితం దాకా కనిపించదు. బుధవారం మధ్యాహ్నం క్యాంటీన్ గోడమీది తెర మీద ఫలితం వచ్చింది. మహావీరుడు, మహాకవి ఎక్కడో అడుగున ఒకరి పక్కన ఒకరు ఉన్నారు. పైన, ఎడమకు తిరిగి, బుచ్చమ్మ.

కెజియా చెంచా పక్కన పెట్టి ఓట్ల లెక్క మళ్ళీ చదివింది.

కిటికీ వైపు వాళ్ళు గోడ వైపు చూశారు. కవి ఓడిపోయాడు. గోడ వైపు వాళ్ళు కిటికీ వైపు చూశారు. వీరుడు ఓడిపోయాడు. రెండు వైపులా చప్పట్లు మోగాయి. ఆ సంవత్సరం మొత్తం మీద ఆ క్యాంటీన్‌లో రెండు ప్రాంతాలూ కలిసి ఆనందించింది అదొక్కసారే.

“బతికున్నవాళ్ళు వద్దన్నావు కదయ్యా” అని ఆరోన్ అడ్డు తగిలాడు.

“ఉపన్యాసం ఇస్తరని వద్దన్న సార్. ఈమె ఇయ్యది. చేతులు ఖాళీ ఉండయి.”

“ఇగ నుంచి ఖాళీనే” అన్నాడు శివశంకర్. “ఒకటో తారీఖు నుంచి ఆమె లేదు.”

వీరేశం ఆయన వైపు జాలిగా చూశాడు. “ప్రతి అంతస్తుల కలర్ ప్రింటరుంది శివశంకరూ. నీ చీటీ నీకే అచ్చేసి ఇస్తరు. అందరూ ఇంజనీర్లే. దొంగ చీటీ ఎట్ల పడతవ్?”

శివశంకర్ ఆ సంగతి ఆలోచించలేదు. ఆలోచించాక ముఖం పాలిపోయింది. “ఎట్ల మరి?”

“అసలు మొకం కౌంటర్ల కూసోవాలె. చీటీ ఇచ్చెటోడు ఆమె మొకం చూసి ఆమె చేతికే ఇయ్యాలె. నిన్ను మోసం చేసుడు అందరికీ సంతోషమే. బుచ్చమ్మ చేతిల దొంగ చీటీ పెట్టెటోడు ఇంకా పుట్టలే. ఆమెను తీసేసినవో, ఆ దినమే చీటీలన్నీ రద్దు.”

శివశంకర్ లెక్కలు వేసుకున్నాడు. నష్టం భయం ముందు మిషను గర్వం నిలవలేదు. ఒకటో తారీఖున బుచ్చమ్మ కౌంటరు వెనక ఫ్యాను కింద కుర్చీలో కూర్చుంది. మొదటి చీటీని చేతిలో తిప్పి చూసి, “ముక్కుపుడక కనవడ్తలేదు సారూ, మల్ల అచ్చేయించు” అంది.

ఆ మధ్యాహ్నం కెజియా వీరేశం గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

“సార్, గెలిపించింది జనం కాదండీ. అవి నా టెస్ట్ ఓట్లు. తుడవలేదు.”

“తుడవలేదా?”

“మీరు తుడిపిస్తానన్నారు కదండీ.”

“అన్ననా? క్యాబుల పరేషాన్ల మరిచిపోయుంట.” ఆయన బల్ల మీది కాగితాలు అటూ ఇటూ సర్దాడు.

కెజియా మెదడులో ఫోను, ఎడమకు తిరిగిన ముఖం, ఆఖరి క్యాబు ఒక్కొక్కటే వచ్చి వరుసలో నిలబడ్డాయి.

“నాకు ముందే చెప్పొచ్చు కదండీ. ఇన్ని రోజులూ మిమ్మల్ని తిట్టుకుంటున్నాను.”

“ఎర్కనే. నీ మొకంల అన్నీ కనవడ్తయి బిడ్డా. నీకు చెప్తే శివశంకర్‌కు చెప్పినట్టే. పనికిరావని మొదటి దినమే అనలేదా?”

సరిగ్గా అప్పుడే ఆరోన్ తలుపు తోసుకుని లోపలికి తల పెట్టాడు. “వీరేశం, ఆ ఓట్లు కాస్త ఎక్కువగా లేవూ? మన కంపెనీలో అంతమంది ఉన్నారా?”

వీరేశం తల ఎత్తాడు. కళ్ళజోడు వెనక నెమ్మదైన చూపు, పెదవుల మీద ఉందో లేదో తెలియని చిరునవ్వు.

“నాకేం తెలుసు సార్? కంప్యూటర్ల పని మీది.”

ఆరోన్ ఆ ముఖంలో కాసేపు వెతికి, ఏమీ దొరకక వెళ్ళిపోయాడు. కెజియా నవ్వు ఆపుకోలేకపోయింది.

“మీది వెయ్యి రూపాయల ముఖం సార్.”

“గంత పెద్ద నోటొద్దు బిడ్డా” అన్నాడు వీరేశం. “చిల్లర దొరకది.”