‘గమనిస్తూ ఉండాలి’ అని రాసిన చేతికి దేవుడిచ్చిన విడుదల

సహోదరులారా, సహోదరీలారా, రెండు నెలలకు పైగా ప్రతి ఆదివారం నేను ఈ హాల్లో మీ మధ్యే కూర్చున్నాను కానీ ఒక్క పాట కూడా పాడలేదు. మీరు కళ్ళు మూసుకుని ఆరాధిస్తుంటే నేను తలెత్తి దూలాలు లెక్కపెట్టేదాన్ని, ఏ దూలం ఏ గోడ మీద ఆనిందో, పడితే ముందు ఏది పడుతుందో చూసుకుంటూ, తలుపు పక్క కుర్చీలోనే కూర్చుని, చివరి ప్రార్థన కాకముందే బయటికి పారిపోయేదాన్ని! మా అపార్ట్‌మెంట్ కింద మాకంటూ పార్కింగ్ ఉన్నా కారు వీధిలో పెట్టేదాన్ని. మా ఆయన ప్రభాకర్ ఏమైందని అడిగితే తలనొప్పి అనేదాన్ని. అంత చీకటిలో ఉన్న నన్ను దేవుడు బయటికి లాగాడు, ఆయనకే మహిమ! ఎలా లాగాడో ఈ రోజు దాచకుండా చెబుతాను, మీలో కొందరికి నచ్చకపోయినా చెబుతాను.

నా పేరు కరుణ. మాది ఒంగోలు, జెర్సీ సిటీకి వచ్చి తొమ్మిదేళ్ళయింది. నేను స్ట్రక్చరల్ ఇంజినీరుని, అంటే కట్టడం నిలబడుతుందా లేదా అని చూసి చెప్పడం నా పని. ఎన్నిసార్లు చెప్పినా మీరు “ఏ టెక్నాలజీ అమ్మా?” అని అడుగుతూనే ఉంటారు. నా టెక్నాలజీ ఒక సుత్తి, ఒక టార్చిలైటు, ఒక పసుపు క్రేయాన్! గట్టి కాంక్రీటు మీద సుత్తితో కొడితే టంగుమంటుంది, లోపల ఇనుము తుప్పుపట్టి పొర విడిపోయిన చోట కొడితే డొల్లగా మోగుతుంది, అలా మోగిన చోటల్లా క్రేయాన్‌తో గీత గీసి, ఫోటో తీసి, రిపోర్టులో రాస్తాం.

ఒకటిన్నర సంవత్సరం క్రితం మా ఆఫీసు నన్ను ఒక పాత అపార్ట్‌మెంట్ బిల్డింగ్ కింద ఉన్న పార్కింగ్ గ్యారేజీ చూసి రమ్మంది. ఆ బిల్డింగ్ బాగోగులు చూసే హెక్టర్ అనే ఆయన తాళాలగుత్తి పట్టుకుని నాతోపాటు మూలమూలా తిరిగాడు. ఒక మూల గది దగ్గర ఆగి, “లేడీ, ఈ తలుపు చూడండి, పోయిన సంవత్సరం చక్కగా మూసుకునేది, ఇప్పుడు పైన పట్టేస్తోంది, నేను చెబితే ఎవరూ వినరు, మీరైనా రాయండి” అన్నాడు. తలుపులో లోపం లేదు, పైనున్న స్లాబ్ కిందికి దిగుతోంది. ఆ పక్క స్తంభం చుట్టూ సుత్తితో కొట్టుకుంటూ పోతే ఎక్కడ కొట్టినా డొల్లే! నేను గీసిన పసుపు గీత స్తంభం చుట్టూ తిరిగి మళ్ళీ మొదలుపెట్టిన చోటికే వచ్చింది. ఆ వారమే రిపోర్టు రాశాను: కార్లు వెంటనే ఆపండి, ఈ స్లాబ్ కింద ఈ వారమే ఆధారాలు నిలబెట్టండి అని.

మా బాస్ అది చదివి నన్ను పిలిచాడు. మంచి మాటకారి, ఎప్పుడూ గొంతు పెంచడు. “కరుణా, ఇంత గట్టిగా రాస్తే ఓనర్లు బెదిరిపోయి ఇంకో కంపెనీకి వెళ్ళిపోతారు, ‘పరిస్థితిని గమనిస్తూ ఉండాలి’ అని రాస్తే సరిపోతుంది కదా” అన్నాడు. నా గ్రీన్ కార్డ్ కాగితాలు ఆయన సంతకం మీద నడుస్తున్నాయి. ఆయన వాటి ఊసే ఎత్తలేదు, ఎత్తనక్కరలేదు, ఎందుకంటే నేను వాటి గురించి తప్ప ఇంకేమీ ఆలోచించడం లేదు! నా సీట్లోకి వచ్చి, నా చేత్తో నేనే ఆ వాక్యం కొట్టేసి ‘గమనిస్తూ ఉండాలి’ అని టైపు చేశాను.

తరువాత ఏం చేశానో తెలుసా సహోదరులారా? ప్రార్థన చేశాను! “ప్రభువా, ఆ బిల్డింగ్ నీ చేతిలో పెడుతున్నాను, నీ దూతలను కాపలా ఉంచు తండ్రీ” అని కన్నీళ్ళు పెట్టుకుని ప్రార్థించాను. అది చాలదని మన వాట్సాప్ గ్రూపులో ‘ఆఫీసులో ఒక విషయం గురించి ప్రార్థించండి’ అని ప్రార్థన అంశం కూడా పంపాను. మీరంతా వెంటనే ఆమేన్ పెట్టారు, పాపం మీకేం తెలుసు! నేను మార్చిన వాక్యానికి నలభై మంది చేత ఆమేన్ పెట్టించుకున్నాను. దేవుడు నా చేతికి సుత్తి ఇచ్చి, చెవికి ఆ డొల్ల శబ్దం వినిపించి, కలం చేతిలో పెట్టి నువ్వు చెయ్యి అంటే, కాదు ప్రభువా నువ్వే చూసుకో అని ఆయన చేతిలోకి తోసేసిన దాన్ని నేను. పైగా దానికి విశ్వాసం అని పేరు పెట్టుకున్నాను.

మార్చి నెలలో ఒకరోజు పొద్దున్న మాన్‌హాటన్ వెళ్ళే రైల్లో ఉండగా బాస్ ఫోన్ చేశాడు. ఆ గ్యారేజీ స్లాబ్ కూలిపోయిందని, ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు లోపల చూసినవాళ్ళు కావాలంటున్నారని, నన్ను వెంటనే వెళ్ళమని. వెళ్ళాను. అక్కడ ఇంజినీరు పని ఏమిటంటే, రక్షించడానికి లోపలికి వెళ్ళేవాళ్ళకు ఏది ఇంకా బరువు మోస్తోందో, ఏది మోస్తున్నట్టు కనబడుతూ మోసం చేస్తుందో చెప్పడం. మిగిలిన గోడ వైపు ఒక పరికరం గురిపెట్టి, అది వెంట్రుకవాసి కదిలినా విజిల్ వేసి అందరినీ బయటికి పిలిచేస్తారు. నేను ఒక అట్టపెట్టె చింపి దాని మీద లోపలి ప్లాను గీసి, ఈ వైపునుంచి వెళ్ళండి, ఇక్కడ మొద్దులు నిలబెట్టి తరువాతే అడుగు వెయ్యండి, ఆ మూలకి మాత్రం వెళ్ళొద్దు అని చెప్పాను. ఇద్దరిని ప్రాణాలతో తీశారు, దేవునికి స్తోత్రం! మధ్యాహ్నానికి హెక్టర్‌ని తీశారు. వెళ్ళొద్దని నేను చెప్పిన ఆ మూలలోనే, ఆ తలుపు పక్కనే ఉన్నాడు, ప్రాణం లేదు.

ఆ సాయంత్రం మన సంఘంలో ఒక సహోదరుడు, పేరు చెప్పను, ఫోన్ చేసి నన్ను ఓదార్చాడు. “బాధపడకు సిస్టర్, ఆయన టైమ్ అయిపోయింది, అంతా దేవుని చిత్తం” అన్నాడు. అప్పుడు నోరు లేక ఊరుకున్నాను, ఇప్పుడు జవాబు చెబుతున్నాను. ఆ స్లాబ్‌ని దేవుడు పడగొట్టలేదు! చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కార్లతో లోపలికొచ్చి, ఏళ్ళ తరబడి కారిన ఆ ఉప్పునీళ్ళు పడగొట్టాయి, చూసి ఊరుకున్న ఓనర్లు పడగొట్టారు, మా ఆఫీసు పడగొట్టింది, ఈ చెయ్యి పడగొట్టింది. మన ప్రభువు భూమి మీద ఉన్న రోజుల్లో కూడా ఒక గోపురం కూలి మనుషులు చచ్చిపోయారు, వాళ్ళు మిగతావాళ్ళకంటే పెద్ద పాపులా అని ఆయనే అడిగి, కాదని ఆయనే తేల్చేశాడు. చచ్చిపోయినవాళ్ళ మీద ప్రభువు వెయ్యని నేరం మనం వెయ్యొద్దు, మనం చేసిన నేరం ప్రభువు మీద అసలే వెయ్యొద్దు!

కానీ సహోదరులారా, ఇంత రోషం అప్పుడు నాకు లేదు. ప్రభుత్వం తరఫున దర్యాప్తు మొదలైంది. మా కంపెనీ లాయరు నన్ను కూర్చోబెట్టి, “అడిగినదానికే జవాబివ్వండి, మొదటి రిపోర్టు గురించి వాళ్ళు అడగకపోతే మీరెందుకు ఎత్తడం?” అన్నాడు. సరేనన్నాను. అప్పటినుంచే నాకు కప్పు కింద నిలబడాలంటే చెమటలు, గుండె దడ. డాక్టరు మందులిచ్చాడు, వేసుకున్నాను, డాక్టర్లను ఇచ్చిన దేవునికి వందనాలు, కానీ దాచిపెట్టిన మాటకు మందులు పనిచెయ్యలేదు. అపవాది, ఆ సాతాను మాత్రం చెవిలో ఒకటే పాట: నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే నీ కూతురు మూడో తరగతి మధ్యలో ఒంగోలు వెళ్ళి కూర్చుంటుంది అని!

దర్యాప్తు ఎలా చేస్తారో మీకు తెలియదు కాబట్టి చెబుతాను. కూలిన ముక్కల్ని చెత్తలా పారెయ్యరు. ప్రతి పెద్ద ముక్కకీ రంగుతో నంబరు వేసి, ఒక ఖాళీ యార్డుకి తరలించి, కూలకముందు ఏది ఎక్కడ ఉండేదో అదే వరుసలో నేలమీద పరుస్తారు. కాంక్రీటులోంచి గుండ్రటి ముక్కలు కోసి తీసి బలం పరీక్షిస్తారు, ఇనుప చువ్వని తుప్పు ఎంత తినేసిందో కొలుస్తారు, పాత డ్రాయింగులు తెప్పించి గీసినట్టే కట్టారా లేదా చూస్తారు, చివరికి ఏ బోల్టు ముందు తెగిందో కూడా ఓపికగా వెతుకుతారు. దాన్ని నడిపిస్తున్నావిడ మార్గరెట్ అనే పెద్దావిడ, తల నెరిసిన ఇంజినీరు. ఏ ముక్క ఎక్కడిదో గుర్తుపట్టడానికి సాయం చెయ్యమని, వాంగ్మూలం ఇవ్వాల్సిన రోజు పొద్దున్నే నన్ను యార్డుకి పిలిచింది.

వరుసల మధ్య నడుస్తున్నాను. ఒక ముక్క దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. తిరగబడి ఉంది, అడుగుభాగం పైకి ఉంది. దాని మీద నా పసుపు గీత! దుమ్ము పట్టినా చెరగలేదు, పక్కన నేను రాసిన తేదీ, నా పేరులోని మొదటి అక్షరాలు అలాగే ఉన్నాయి. అక్కడే, ఆ కంకరలో మోకాళ్ళ మీద పడిపోయాను. నాకు వచ్చిన ప్రార్థన ఒకటే: “తండ్రీ, నా ఉద్యోగం అడగను, నా వీసా అడగను, నన్ను తప్పించమని అడగనే అడగను, నా నోరు తెరువు!” మార్గరెట్ వచ్చి నా పక్కన నిలబడింది. “ఇది నీ చేతివ్రాతేనా?” అని అడిగింది. నాదే అన్నాను. “మరి ఇంత గీత గీసినదానివి రిపోర్టులో అంత మెత్తగా ఎలా రాశావు?” అంది.

దేవుడు నా నోరు తెరిచాడు సహోదరులారా! మొదటి రిపోర్టు ఉందని, అందులో ఏం రాశానో, ఎవరు మార్చమన్నారో, ఎవరు మార్చారో, మార్చింది నేనే అని, ఏమీ దాచకుండా చెప్పాను. మధ్యాహ్నం లాయరు పక్కన కూర్చుని బల్ల కింద కాలితో తడుతున్నా లెక్కచెయ్యకుండా రికార్డులో కూడా అదే చెప్పాను. రెండు రిపోర్టుల కాపీలూ ఇచ్చేశాను. చెప్పి ఆ గదిలోంచి బయటికి వచ్చి, కింద మూడంతస్తుల పార్కింగులో, వచ్చేటప్పుడు అక్కడి పనివాడి చేత పెట్టించిన కారు దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళి, సీటు బెల్టు పెట్టుకున్నాక అప్పుడు గమనించాను, నా తల మీద మూడు స్లాబులు ఉన్నాయి, నా గుండె మామూలుగా కొట్టుకుంటోంది! కార్లో కూర్చుని బిగ్గరగా ఏడ్చాను, స్తుతించాను. అప్పుడు నేను ప్రభాకర్‌కి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆయన “రెండు నెలల నుంచి తలనొప్పి అంటే నమ్మాననుకున్నావా? ఇంటికి రా, అన్నం తిందాం” అన్నాడు.

తరువాతి వారంలో నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. కారణం వేరే ఏదో రాశారు, మెత్తగా రాయడం వాళ్ళకి అలవాటే కదా! కానీ మార్గరెట్ మనుషులు మా ఆఫీసు నుంచి వెళ్ళిన రిపోర్టుల్లో ‘గమనిస్తూ ఉండాలి’ అని ఉన్నవన్నీ బయటికి తీసి ఒక్కొక్క చోటికీ వెళ్ళి చూశారు. ఇంకో రెండు గ్యారేజీలు అదే స్థితిలో ఉన్నాయని తేలి, అప్పటికప్పుడు కార్లు ఖాళీ చేయించి, ఆధారాలు నిలబెట్టారు. వాటి పైన కాపురాలున్నాయి, పిల్లలున్నారు, అందరూ బ్రతికి ఉన్నారు. ప్రభువుకు స్తోత్రం!

హెక్టర్ భార్య దగ్గరికి కూడా వెళ్ళాను. అంతా చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, లేచి, తలుపు తీసి పట్టుకుంది. నేను బయటికి వచ్చేశాను. ఆవిడ నన్ను క్షమించలేదు, క్షమించమని నేను అడగలేదు కూడా. దాన్ని ప్రార్థన అంశంగా పంపి ఆవిడ మీద మీ అందరి చేత ఒత్తిడి పెట్టించను. ఆ బరువు నాది, ప్రభువుతో కలిసి మోస్తాను.

ఇక్కడ ఒక మాట. నేను ఇక్కడ సంఘం ముందు సాక్ష్యం చెబుతానని అడిగితే మన సంఘపెద్ద ఏసుదాసు అంకుల్, నన్ను సొంత కూతురిలా చూసుకునే మనిషి, “ఇప్పుడే ఎందుకు తల్లీ, కొత్త ఉద్యోగం రానీ, వీసా సంగతి తేలనీ, అప్పుడు చెబితే దేవునికి మహిమగా ఉంటుంది, వినేవాళ్ళకీ ధైర్యంగా ఉంటుంది” అన్నారు. మనందరి అలవాటు అదే కదా, స్టాంపు పడ్డాకే సాక్ష్యం! అంకుల్, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, దేవుని మహిమ ఇమ్మిగ్రేషన్ ఆఫీసు పంపే కవరులో రాదు. ఉద్యోగం పోయాక ఇంకోటి చూసుకోవడానికి, లేదా దేశం వదిలి వెళ్ళడానికి నాకిచ్చిన అరవై రోజుల్లో ఇంకా ఇరవై మూడు మిగిలాయి. పది చోట్లకు అప్లై చేశాను, ఒక్కరూ పిలవలేదు, సొంత ఆఫీసు మీద నోరు విప్పినదాన్ని ఎవరు పిలుస్తారు! రేపు ఉద్యోగం వచ్చినా, రాక సామాను కట్టుకుని వెళ్ళినా, సాతానుకు మాత్రం ఈ నోరు మళ్ళీ దొరకదు!

మీలో ఎంతోమంది చేతుల్లో ఇలాంటి వాక్యాలు ఉంటాయి. మందుల కంపెనీలో టెస్టులు చూసేవాళ్ళున్నారు, హాస్పిటల్లో చార్టులు రాసేవాళ్ళున్నారు, బ్యాంకు సాఫ్ట్‌వేర్ చూసేవాళ్ళున్నారు. ఎవరి కాగితాలు ఎవరి సంతకం మీద నడుస్తున్నాయో నాకు తెలుసు, ఆ భయం ఎలా ఉంటుందో నాకంటే బాగా ఎవరు చెప్పగలరు? నిజం చెప్పి ఆ ప్రభువు మీద ఆనుకోండి. నా బరువంతా వేసి చూశాను, ఆయన కదల్లేదు. రేపు ఆఫీసుకి వెళ్ళి ఆ వాక్యం సరిచెయ్యండి, భయమేస్తే నన్ను పిలవండి, మీతోపాటు వచ్చి బయట కూర్చుంటాను, నాకిప్పుడు ఖాళీయే!

నా ఉద్యోగం కోసం ప్రార్థన చెయ్యండి, వద్దనను, మా పాప స్కూలు కోసం కూడా చెయ్యండి. నా విడుదల కోసం మాత్రం ఎవరూ ప్రార్థించనక్కర్లేదు, అది ఆ కంకరలోనే అయిపోయింది. దేవునికే మహిమ!