కల్బాలో గడప లేని ఫ్రెంచి సింహద్వారం

ఫ్రాన్సులోని ఒక పాత పట్టణ భవంతి సింహద్వారం 2021లో ముక్కలుగా అబుధాబి దగ్గర ముసఫ్ఫాలోని మా వర్క్‌షాపుకు వచ్చింది. ముక్కలకు సంఖ్యలు వేసి జాబితా రాసింది నేనే. నూట పద్దెనిమిది ఉన్నాయి. గడప మాత్రం లేదు. దారిలో పోయిందనుకొని, కొత్తది చేయించాలని జాబితా చివర రాశాను. గుర్రపు బగ్గీలు నేరుగా లోపలికి సాగే ద్వారానికి గడప ఉండదని నాకు తట్టలేదు. ఆ జాబితా ప్రకారం కొత్త గడప చేసి, ఫుజైరా పక్కన కల్బాలోని ఒక అతిథిగృహం ముందు ద్వారాన్ని నిలబెట్టిన వడ్రంగి మల్లేశం. అతిథిగృహం యజమాని కారు ఆ గడప దగ్గర ఆగిపోయిన రోజు ముదీర్ (మా మేనేజరు) చేత అందరి ముందూ తిట్లు తిన్నదీ, రెండు సెలవులు వదులుకొని దానిని ఊడదీసిందీ ఆయనే. జాబితా ఎవరిదో ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మూడేళ్ల తరువాత, ఆయన అదే ద్వారం మరమ్మతుకు వెళ్లాడనీ, మంగళవారం శాశ్వతంగా సొంతూరు నిర్మల్ వెళ్లిపోతున్నాడనీ తెలిసి బయలుదేరాను.

ఆదివారం ఉదయం ఏడున్నరకు, షార్జాలో రోలాకు నడక దూరంలోని జుబైల్ బస్టాండులో ఫుజైరా బస్సు ఎక్కాను. టికెట్టు ముప్పై దిర్హాముల లోపే. కొండల మీదుగా సుమారు రెండు గంటలు. అక్కడి నుంచి కల్బాకు టాక్సీ.

"దర్వాజా దేఖ్‌నే షార్జా సే ఆయా? షార్జా మే దర్వాజా నహీ హై?" అని, షార్జాలో తలుపులే లేనట్టు ఇంత దూరం వచ్చానని పఠాన్ డ్రైవరు పకపక నవ్వాడు. దానిని బిగించిన మనిషిని కలవాలని హిందీలోనే చెప్పాను. "తో యల్లా!" అని వేగం పెంచాడు.

పదిన్నరకు ఆ ద్వారాన్ని మొదటిసారి నిలబడి ఉండగా చూశాను. రాతి కమాను, దాని నడినెత్తిన చెక్కిన గడ్డపు ముఖం, ముదురాకుపచ్చ తలుపు రెక్కలు, కుడి రెక్కలో మనిషి పట్టేంత చిన్న తలుపు, బగ్గీ చక్రాలు గోడను ఒరుసుకోకుండా అడుగున రెండు గుండ్రాళ్లు. మల్లేశం తలుపు కీళ్లకు నూనె పెడుతున్నాడు.

"మల్లేశన్నా, ఆ గడప తప్పు నాది. ఆ రోజే ముదీర్‌కి చెప్పాల్సింది. భయపడ్డాను."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "గిది చెప్పనీకి గింత దూరం వచ్చినవా సారూ? నువ్వు రాయకున్నా నేను చేస్తుంటి. గడప లేని దర్వాజ ఏడనన్న ఉంటదా?"

"అయినా తిట్లు మీరు తిన్నారు."

"తిన్న. ఒక్క తప్పుకు ఇద్దరం తినుడెందుకు? ఖలాస్. చాయ్ తాగుదాం రా." గోడ పక్కనున్న బల్ల చూపించాడు. "గదే గడప. మీద కూసోవద్దంటరు గని, ఇది నౌకరి పోయిన గడప. కూసో."

కూర్చున్నాను.

ఈ పని ఎవరి వద్దా నేర్చుకోలేదని, అంతా సొంతంగా నేర్చానని చెప్పుకొనేవాణ్ని. గడప గొడవ నాటికి నా ఉద్యోగం ఖాయం కాలేదు. ఆయన నా పేరు చెప్పి ఉంటే ఆ నేర్చుకోవడం అక్కడే ఆగిపోయేది. ఆ కృతజ్ఞతను చాయ్ తాగుతూ ఆయన ఎదుట చెప్పగలిగినందుకు ఈ ప్రయాణానికి రుణపడి ఉన్నాను.

వెళ్లేవారికి ఒక్క సూచన: చిన్న తలుపుతో సరిపెట్టుకోకుండా, పెద్ద రెక్కలు తెరవమని కాపలాదారును అడగండి. నడవలేని పెద్దవారిని చక్రాల కుర్చీలోనే తీసుకువెళ్లవచ్చు. గడప లేదు కనుక ఎక్కడా ఎత్తవలసిన పని ఉండదు.