అత్త దూది, మావయ్య బండి

ఉద్యోగం వచ్చింది, బస్సు రాదు. నా కష్టమంతా అదే. మా పొందూరుకు లోపలగా ఉన్న ఓ పల్లె ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్షలు చేసే పని. ఉదయం ఎనిమిదికల్లా అక్కడ ఉండాలి. ఆ దారిలో మొదటి బస్సు పదికి, అదీ దానికి బుద్ధి పుడితే వస్తుంది. సోమవారం చేరకపోతే ఇంకొకరిని చూసుకుంటామని డాక్టరుగారు మర్యాదగానే చెప్పారు. మా ఆయన భోగాపురంలో విమానాశ్రయం పనుల్లో క్రేన్ నడుపుతూ అక్కడే ఉంటున్నారు. నన్ను దింపేవాళ్లు లేరు.

మనిషి లేకపోయినా బండి ఉంది. పశువుల పాకలో, గడ్డిమోపుల వెనక, మావయ్య ఒకప్పుడు పొలానికి వేసుకెళ్లిన కిక్కు బండి. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఆయన దాన్ని వదిలేశారు. కోళ్లు మాత్రం వదల్లేదు, సీటు మీదే గుడ్లు పెట్టేవి. పాత ఇనుము కొనేవాడు సోమవారం వచ్చి పట్టుకుపోతాడని అత్త చెప్పగానే మావయ్య దగ్గరికి పరుగెత్తాను.

"బాగుచేసి నేను నడుపుకుంటాను మావయ్యా" అన్నాను.

"ఆడది గేరుబండి తోల్తాదేటి? ఊరు నవ్వదూ?" అన్నారు. నేను కదలకుండా నిలబడ్డాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "ఆదివారం సాయంత్రానికి స్టార్టయిందా, నీది. నేదా, ఇనుపోడిది" అని పొలానికి వెళ్లిపోయారు.

బండి పని నాకు కొత్త కాదు. విజయనగరం దగ్గర మా పుట్టింట్లో నాన్న గుడిలో, పెళ్లిళ్లలో సన్నాయి వాయించేవారు. తెల్లవారుజాము ముహూర్తాలకు బండి మొండికేస్తే పెళ్లివాళ్లు ఊరుకోరని ప్రతి ఆదివారం దాన్ని పెరట్లో తనే విప్పేవారు. స్పానర్లు అందించింది నేనే. అత్తవారింట్లో ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. పెళ్లిచూపుల్లో ఎవరూ అడగలేదు మరి.

శనివారం పొద్దున్నే బండిని వాకిట్లోకి తోసుకొచ్చాను. ఇంజనాయిలు తీస్తే తారులా కారింది. గాలి ఫిల్టరులో ఎలుక కాపురం పెట్టి పిల్లల్ని కూడా పెంచి పంపించినట్టుంది. శ్రీకాకుళం వెళ్లి కొత్త ఫిల్టరు, ప్లగ్గు, ఆయిలు తెచ్చుకున్నాను. కార్బురేటరు విప్పితే లోపల పాత పెట్రోలు బెల్లంపాకంలా గట్టిపడి ఉంది. తుడవడానికి పాత గుడ్డ అడిగాను.

"గుడ్డెందుకే, మసి గుడ్డ! ఇది పట్టు" అని అత్త తన దూది తెచ్చింది.

మా అత్త నూలు వడుకుతుంది. పొందూరులో వడికే ఇళ్లలో దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్లు దువ్విన దూదిలో నలకన్నది ఉండదు. దెబ్బ తగిలినా అదే, దీపానికీ అదే, చెవిలో నీళ్లు పోయినా అదే. అలాంటి దూదిని ఆమె నా జిడ్డు పనికి ఇచ్చిందంటే నా కళ్లు చెమర్చాయి. ఆ ప్రేమతోనే ప్రతి కన్నమూ, ప్రతి గాడీ దానితో తుడిచాను.

ఆదివారం మధ్యాహ్నం అన్నీ బిగించి, చోక్ లాగి కిక్కు కొట్టాను. పట్టుకుంది! అత్త చప్పట్లు కొట్టింది. చోక్ వెనక్కి నెట్టగానే ఇంజను చచ్చిపోయింది. మళ్లీ కొట్టాను, మళ్లీ అంతే. ప్లగ్గు చూశాను, నిప్పు బాగానే వస్తోంది. అరుగు మీద మావయ్య చుట్ట వెలిగించుకున్నారు. ఉద్యోగం పోయినట్టేనని ఏడుపొచ్చింది.

ఏడుస్తూనే కార్బురేటరు మళ్లీ విప్పాను. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు అందించే చిన్న జెట్టును ఎండకెత్తి చూశాను. వెంట్రుకంత కన్నంలో తెల్లగా ఓ పోగు! ఏకు మేకైందంటే ఇదే.

"నీ దూదే అత్తా, నా కొంప ముంచింది!" అని అరిచేశాను.

ఆమె మొహం మాడిపోయింది. "నా దూదికి పేరెట్టకు. పొందూరు దూదికి వంకెట్టినోలు ఇంతవరకు నేరు" అని జెట్టు లాక్కుని తనూ ఎండకెత్తింది. ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. "ఒలమ్మా! ఎంత సన్నంగా ఉన్నాదే! సూడు, ఎక్కడైనా తెగిందేటి?" అంది గర్వంగా. నాకు కోపంలోనూ నవ్వొచ్చింది.

జెట్టులో తీగ పెట్టి పొడిస్తే కన్నం పెద్దదై పాడవుతుందని నాన్న ఎప్పుడూ చెప్పేవారు. సైకిలు పంపు తెచ్చాం. నేను జెట్టును గొట్టం మూతికి అదిమి పట్టుకుంటే, అత్త చీర కుచ్చెళ్లు దోపుకుని పంపు కొట్టింది. పోగు ఎగిరిపోయింది. మిగతా దారులన్నీ అలాగే ఊది బిగించాను. ఈసారి చోక్ వెనక్కి నెట్టినా ఇంజను ఆగలేదు. స్క్రూడ్రైవరుతో వేగం సర్దుతుంటే, చుట్ట పక్కన పెట్టి మావయ్య దగ్గరికొచ్చారు.

"ఇంకొంచెం తగ్గించు. ఇలాగైతే పెట్రోలు తాగేస్తాది" అన్నారు. తగ్గించాను. ఆయన సీటు మీది దుమ్ము చేత్తో తుడిచారు. తర్వాత పాకలోకి వెళ్లి, గూట్లో ఉన్న బండి కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టారు.

సోమవారం బయల్దేరుతుంటే అత్త దూది సంచీతో వచ్చి వెనక కూర్చుంది. "దార్లో ఆగిపోతే తోయడానికొకలుండాల కదా" అంది. నాకూ లోపల భయంగానే ఉంది, దిగమనలేదు. దారి పొడుగునా నా భుజం గట్టిగా పట్టుకుంది. ఊరివాళ్లు చూశారు, కొందరు నవ్వారు కూడా. మేం వెళ్లేసరికి ఆరోగ్య కేంద్రం తాళం ఇంకా తీయలేదు.

నేను పని చేసుకుంటున్నంతసేపూ ఆమె వరండాలో కూర్చుని దూది దువ్వుకుంది. సాయంత్రం బయటికొచ్చి కిక్కు కొడితే బండి ఒక్క దెబ్బకే పట్టుకుంది. అత్త వెనక ఎక్కి, సంచీ ఒళ్లో సర్దుకుంది.

"రేపట్నుంచి నువ్వొక్కర్తివే ఎల్లు" అంది. "నాకు ఒడుకుడు పనున్నాది."