సరళ గీసిన మూడు ఊళ్ల పటం

సరళ తుంగతుర్తిలో గొర్లు కాసే బీరప్ప కూతురు. ఎంసీఏ చదివి, కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఉద్యోగంలో చేరింది. 2009లో లెక్చరర్ దామోదర్ తన పరిశోధనలో ఆమెను కలుపుకున్నాడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య ఇంటర్నెట్ ఏ దారిన నడుస్తుందో పటం గీయడమే ఆ పని.

ఒక ఊరి కంప్యూటర్ నుంచి ఇంకో ఊరికి చిన్న సందేశం పంపితే, మధ్యలో అది దాటిన యంత్రాలన్నీ తెరమీద వరుసగా కనిపించేవి. సరళ ఒక్కో యంత్రానికి ఒక చుక్క పెట్టి గీతలు కలిపేది. కోదాడ నుంచి మిర్యాలగూడకు పంపిన సందేశం ఒక్కోసారి చెన్నై దాకా పోయి వచ్చేది.

రెండేళ్లకు పటం నిండింది. ఒక్కో చుక్కనూ పటంలో తీసేసి, దారి మిగులుతుందా అని చూశారు. చాలావాటిని తీసినా ఏమీ కాలేదు. సూర్యాపేటలోని ఒక చుక్కను తీస్తే మాత్రం కోదాడ పూర్తిగా విడిపోయింది. కోదాడకు వచ్చే ఒకే ఒక్క కేబుల్ అక్కడి నుంచే.

"సార్, కేబుల్ కంపెనీకి చెప్దామా?"

"రాయి సరళా. నేను సంతకం పెడతా."

రాసింది. రెండో కేబుల్ వేస్తామని జవాబు వచ్చింది.

ఆ వానాకాలం రోడ్డు పనుల్లో పొక్లెయిన్ సూర్యాపేట బయట కేబుల్‌ను తెంపింది. కోదాడలో నెట్, అదే కేబుల్ మీద నడిచే ఫోన్లు రెండూ ఆగిపోయాయి. మర్నాడు పొద్దున తమ్ముడు శ్రీను బండిమీద వచ్చి ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"నాయినకు గుండెనొప్పొచ్చిందక్కా. సూర్యాపేట దవాఖానకు తీస్కపోయిన. నీకు ఎన్నిసార్లు ఫోన్ చేసిన్నో, కలవనే లేదు. సరళ వస్తున్నదా అని అడుగుడే అడుగుడు."

"ఇప్పుడెట్లున్నడు?"

"రాత్రే పోయిండక్కా," అని శ్రీను బండి వైపు తిరిగాడు.

సరళ కంప్యూటర్ ఆపి, చెప్పులేసుకుని అతని వెనక కూర్చుంది. అంత్యక్రియల్లో ఆమెకు ఏడుపు రాలేదు. ఎవరో భుజం పట్టి కుదిపారు, అయినా రాలేదు.

పదకొండో రోజు దాటాక పనిలోకి వచ్చింది. దామోదర్ మెల్లగా అన్నాడు. "ఆ రోజు కొలతలు మన పరిశోధన పేపర్లో వద్దంటే తీసేద్దాం."

"ఉండనీయండి సార్. పద్నాలుగు గంటలు కోదాడ తెగిపోయింది."

2013లో పేపర్ అచ్చయింది. రాసినవాళ్లలో రెండో పేరు ఆమెది. ఆ ఏడే ఇంకో దారిన రెండో కేబుల్ కూడా పడింది. సరళ మళ్లీ కొలిచింది. ఇప్పుడు ఏ ఒక్క చుక్కను తీసినా ఊళ్లు విడిపోవడం లేదు. సంతోషంగా ఉందా అని దామోదర్ అడిగితే, లెక్క సరిగ్గానే వచ్చిందని చెప్పింది.

కొత్త విద్యార్థులకు పటం, కేబుల్ తెగిన రోజు కొలతలు చూపిస్తుంటే హిమజ అనే అమ్మాయి అడిగింది. "మేడం, ఆ రోజు ఎంతమందికి ఇబ్బంది అయింది?"

"అది మేము కొలవలేదమ్మా," అని సరళ తర్వాతి పేజీ తీసింది.